విందు మర్యాదలు, ఎర్ర ముద్ర

చైనాలో వ్యాపారం చేయబోయే ఐరోపా, అమెరికా సంస్థల ఉద్యోగులకు ఇచ్చే శిక్షణ చాలావరకు విందు బల్ల దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. విజిటింగ్ కార్డును రెండు చేతులతో అందుకోవాలనీ, గ్లాసులు తాకించేటప్పుడు మన గ్లాసు అంచు పెద్దవారి గ్లాసు అంచుకన్నా కిందుగా ఉండాలనీ, ముఖ్య అతిథిని తలుపుకు ఎదురుగా కూర్చోబెడతారనీ చెబుతారు. ఇవన్నీ నిజమే. షాంఘై పక్కన, 1993 నుంచి జర్మన్ సంస్థలు వందల సంఖ్యలో వచ్చి స్థిరపడిన తైత్సాంగ్‌లో, ఒక ఐరోపా యంత్రభాగాల సంస్థ తరఫున కొనుగోళ్లు చూసిన రోజుల్లో నేనూ వాటిని శ్రద్ధగా నేర్చుకున్నాను. కానీ ఆ మర్యాదల్లో లోపం వల్ల మేము ఎన్నడూ నష్టపోలేదు. మమ్మల్ని నష్టపరచింది ఎర్ర సిరాతో వేసే ముద్ర పట్ల మా అజ్ఞానం.

చైనాలో సంబంధాలే ప్రధానమనీ, ఒప్పంద పత్రం నామమాత్రమనీ మా కేంద్ర కార్యాలయంలో గట్టి నమ్మకం ఉండేది. పరస్పర పరిచయం, ఒకరికొకరు చేసుకునే సాయం, ఆ సాయాన్ని మరచిపోకపోవడం, వీటన్నిటినీ కలిపి అక్కడివారు గ్వాన్‌షీ అంటారు. దాని బలం గురించి మావారు విన్నది తప్పు కాదు. దాన్నుంచి వారు తీసుకున్న నిర్ణయం మాత్రం తప్పు. స్నేహం కుదిరింది కదా అని పత్రాన్ని తేలికగా చూశారు. ఒక పోతపని కర్మాగారంతో కుదిరిన ఒప్పందాన్ని ఇంగ్లీషులో మాత్రమే రాయించి, అవతలి పక్షం ఉపాధికారి చేత సంతకం పెట్టించి, ఫొటోలు దిగి వచ్చారు. ఏడాది తిరగకుండానే పోతభాగాల్లో బీటలు కనిపించాయి. పరిహారం అడిగినప్పుడు అవతలి న్యాయవాది ఎంతో మర్యాదగా ఒక ప్రశ్న వేశాడు: ఈ పత్రంపై మా సంస్థ ముద్ర ఎక్కడ ఉంది?

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. గొంగ్‌ఝాంగ్ అనే ఆ సంస్థాముద్రను పోలీసు శాఖ దగ్గర నమోదు చేయిస్తారు. అది పడిన పత్రం ఆ సంస్థ మాటగా చెల్లుతుంది. 2021 జనవరి 1 నుంచి అమలులో ఉన్న చైనా పౌరస్మృతిలోని 490వ అధికరణం ప్రకారం సంతకంతోనైనా, ముద్రతోనైనా, వేలిముద్రతోనైనా ఒప్పందం ఏర్పడుతుంది. అయితే సంతకం చేసిన వ్యక్తికి ఆ అధికారం ఉందా లేదా అన్న వాదన తలెత్తినప్పుడు, ముద్ర లేని పక్షం ఎంత ఇబ్బంది పడుతుందో మాకు అనుభవంలో తెలిసివచ్చింది. పైగా మేము ఒప్పందంలో రాసిన ఇంగ్లీషు పేరు వారి ప్రచార పత్రాల్లో ఉన్న పేరే తప్ప ప్రభుత్వ నమోదులో ఉన్నది కాదు. అక్కడ సంస్థకు చట్టపరమైన పేరు చైనీస్ లిపిలో ఉన్నదే. 2015 నుంచి ప్రతి సంస్థకూ 18 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు; దానితో ప్రభుత్వ జాబితాలో వెతికితే సంస్థ పేరుతో పాటు చట్టబద్ధ ప్రతినిధి, అంటే సంస్థ తరఫున సంతకం చేసే అధికారం చట్టరీత్యా ఉన్న వ్యక్తి, ఎవరో కూడా తెలుస్తుంది. పది నిమిషాల పని. మేము చేయలేదు.

సొంత అనుబంధ సంస్థలోనూ ఈ ముద్ర ఎవరి బీరువాలో ఉందన్నది పెద్ద ప్రశ్నే. బ్రిటన్‌కు చెందిన చిప్ రూపకల్పన సంస్థ ఆర్మ్‌కు చైనాలో ఉన్న ఉమ్మడి సంస్థ విషయమే తీసుకుందాం. 2020 జూన్‌లో దాని అధిపతిని తొలగిస్తున్నట్టు డైరెక్టర్ల బోర్డు ప్రకటించినా, సంస్థాముద్ర ఆయన అధీనంలోనే ఉండటం వల్ల ఆ నిర్ణయం దాదాపు రెండేళ్ల పాటు, 2022 ఏప్రిల్ వరకు అమలు కాలేదు. బోర్డు తీర్మానం చేస్తే చాలుననుకునే పాశ్చాత్య సంస్థలు ఈ ఒక్క ఉదంతాన్నైనా శ్రద్ధగా చదవాలని నా మనవి.

నిర్ణయాధికారం ఎవరిదో గుర్తించడంలోనూ మేము పొరబడ్డాం. అక్కడ ప్రధానాధికారిని ఇంటిపేరుకు ‘జొంగ్’ చేర్చి పిలుస్తారు. ఉపాధికారి హోదాకు ముందు ‘ఫు’ అనే మాట ఉన్నా, ఎదుట పిలిచేటప్పుడు గౌరవం కోసం దాన్ని వదిలేస్తారు. అందువల్ల గదిలో ముగ్గురు ‘జొంగ్’లు ఉంటే ముగ్గురూ అధిపతులే అన్నట్టు వినిపిస్తుంది. మా ఒప్పందంపై సంతకం చేసినాయన అలాంటి ‘జొంగే’.

ఇక బీటల విషయానికి వస్తే, మా నాణ్యతా విభాగం అధిపతి పన్నెండు మంది ఎదుట తెరపై ఫొటోలు చూపిస్తూ, ఆ కర్మాగారం ఇంజనీరును పేరు పెట్టి నిలదీశాడు. ఆయన ఉద్దేశం సమస్య తేల్చడమే. కానీ ఆ ఇంజనీరుకు తన కింది ఉద్యోగుల ముందు ముఖం చెల్లకుండా పోయింది. చైనీయులు పరువుకు వాడే మ్యెన్‌జ అనే మాట ‘ముఖం’ నుంచే పుట్టింది కాబట్టి, ఆ నొప్పి తెలుగువాడికి వివరించనక్కర లేదు. ఆ రోజు నుంచి మా ప్రతి ప్రతిపాదనకూ ‘యెన్‌జ్యూ యెన్‌జ్యూ’ అనే జవాబే వచ్చింది. పరిశీలిస్తాం అని దాని అర్థం. అలాంటి సందర్భంలో అది మర్యాదగా చెప్పిన ‘కాదు’. మా కేంద్ర కార్యాలయం దాన్ని సానుకూల స్పందనగా నమోదు చేసుకుని ఆరు వారాలు ఎదురుచూసింది.

చివరకు నేను ఒంటరిగా ఆ కర్మాగారానికి వెళ్లాను. ఇంజనీరుతో కొలిమి దగ్గర రెండు రోజులు గడిపాను. అచ్చుల్లో మిగిలిన తేమ వల్లనే బీటలు వస్తున్నాయని ఆయనే కనిపెట్టారు, ఆ మాట తమ యజమానికి ఆయన నోటనే చేరేలా చూశాను. తర్వాతి వారం అనుబంధ ఒప్పందానికి పిలుపు వచ్చింది. ఈసారి చైనీస్ పాఠాన్నే ప్రామాణికంగా పెట్టుకున్నాం. లెక్కల విభాగంలో ఒకావిడ ఇనుప పెట్టె తెరిచి ముద్ర తీశారు. యజమాని సంతకం పక్కన ఒకసారి వేశారు. ఆ తర్వాత కాగితాలను విసనకర్రలా పరచి, ప్రతి పుట అంచు మీదా ముద్రలో ఒక ముక్క పడేలా అడ్డంగా మరోసారి వేశారు. మధ్యలో ఏ పుటనూ మార్చడానికి వీల్లేకుండా చేసే ఆ పద్ధతిని ఛీఫెంగ్‌ఝాంగ్ అంటారని ఆమే నాకు చెప్పారు.