పంచాంగం చూసి వియత్నాం

మొదట అనుకున్నది దసరాకి. మా ఆయనకి సెలవులు కలిసొస్తాయి, పైగా టికెట్లు చవగ్గా ఉన్నాయి. ఎందుకంత చవకో ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. హనోయ్, హాలాంగ్ బే, సాపా కొండలు, డానాంగ్, హోయాన్, హోచిమిన్ సిటీ... పది రోజుల్లో అన్నీ చుట్టేసేలా నోట్‌బుక్కు నిండా రాసిపెట్టుకున్నాను. ఆ తర్వాత రైలు కోసం వెతికితే తెలిసింది, హనోయ్ నుంచి హోచిమిన్ సిటీకి 1,726 కిలోమీటర్లు, ముప్పై గంటలు దాటిన ప్రయాణం అని. మ్యాపులో పొట్లకాయలా సన్నగా ఉంటే చిన్న దేశమే అనుకున్నాను. పొట్లకాయ పొడుగు గుర్తురాలేదు.

వానల సంగతీ అప్పుడే తెలిసింది. ఈశాన్య రుతుపవనాలు మన నెల్లూరుని తడిపే అక్టోబర్, నవంబర్ నెలల్లోనే వియత్నాం మధ్య తీరానికీ వరదల కాలం. హోయాన్ వీధుల్లో పడవలు తిరుగుతున్న ఫొటోలు చూశాక, టికెట్ల చవక రహస్యం అర్థమైంది. దసరా ప్లాన్ అక్కడితో సరి. సాపా, హోచిమిన్ సిటీ కొట్టేసి, ప్రయాణం మార్చికి మార్చాం.

తేదీలు ఖాయం చేసింది మాత్రం మా అత్తయ్య. చాంద్రమానం లెక్కన నెలలో పద్నాలుగో రోజు రాత్రి హోయాన్ పాత ఊళ్లో కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లు వెలిగిస్తారని చదివి వినిపించాను. ఆవిడ లేచెళ్లి గోడ మీది క్యాలెండర్ తిప్పింది.

"చతుర్దశి కదుటే అమ్మాయ్! ఫాల్గుణంలో పౌర్ణమి ముందు రోజుకి అక్కడుండేట్టు చూడు."

వీసా దగ్గర చేసిన తప్పు పూర్తిగా నాదే. ఈ-వీసా ఒక్క ఎంట్రీకి మనిషికి 25 డాలర్లు, ఇంట్లో కూర్చుని అప్లై చేసుకోవచ్చు. అత్తయ్య పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరంతా రెండో గడిలోనే ఉంది. నా తెలివి ఉపయోగించి ఆ పేరుని నేనే రెండు ముక్కలు చేసి నింపాను. వీసా వచ్చాక పాస్‌పోర్టు పక్కన పెట్టి చూస్తే ఇద్దరు వేరే మనుషుల్లా ఉన్నారు. కట్టిన డబ్బు వెనక్కి రాదు. మళ్లీ 25 డాలర్లు కట్టి, ఈసారి పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు దించాను. వియత్నాం వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక రాసుకుంటారట. ఆ సంగతి చెప్పి మా ఆయన నన్ను ఓదార్చబోయాడు. 25 డాలర్ల ముందు ఆ ఓదార్పు నిలవలేదు.

అత్తయ్య శాకాహారి, అసలు టెన్షన్ అంతా అదే. పులిహోర, ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లు, కందిపొడి కలిపి సగం సూట్‌కేసు అయ్యాయి. అక్కడికెళ్లాక మమ్మల్ని గట్టెక్కించింది ఒకే ఒక్క మాట, 'చై'. టీ కాదు, శాకాహారం. బోర్డు మీద ఆ మాట కనిపిస్తే ధైర్యంగా లోపలికి నడవచ్చు. మామూలు హోటల్లో మాత్రం ఉత్త కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పోసేస్తారు, ముందే అడగాలి. అమావాస్యకీ పౌర్ణమికీ అక్కడ చాలామంది బౌద్ధులు నీసు మానేస్తారని తెలిశాక అత్తయ్యకి ఆ దేశం మీద గురి కుదిరింది.

హనోయ్‌లో మూడు రోజులూ సన్నటి తుంపర, బూడిద రంగు ఆకాశం. గుడ్డు పచ్చసొన గిలక్కొట్టి వేసే కాఫీ నేను రెండు కప్పులు తాగాను. అత్తయ్య అటు చూడను కూడా చూడలేదు.

డానాంగ్‌లో దిగగానే ఎండ. బీచ్ దగ్గర కొబ్బరిబొండాం కొని నీలం నోటు ఇచ్చాను. బండి దగ్గరి పెద్దావిడ నోటుని తన రెండు చేతుల మధ్య సాగదీసి పట్టుకుని, ఒక్కో సున్నా మీదా వేలు పెట్టి నాకు చూపించింది. 20,000 డాంగ్ అనుకుని 5,00,000 ఇచ్చాను! రెండూ నీలమే, రెండింటి మీదా హోచిమిన్ బొమ్మే. రూపాయికి దాదాపు మూడొందల డాంగ్ లెక్కన, అరవై ఐదు రూపాయల బొండానికి పదహారు వందల పైచిలుకు అన్నమాట. ఆవిడే నా పర్సులోంచి సరైన నోటు ఏరి తీసుకుంది. అప్పటినుంచి పెద్ద నోట్లు మా ఆయన జేబులోనే.

హోయాన్ నుంచి నలభై కిలోమీటర్లలో మీసన్. కొండల మధ్య, ఒకప్పుడు మధ్య వియత్నాంని ఏలిన చామ్ రాజుల ఇటుక గుళ్లు. నాలుగో శతాబ్దం చివర్లో భద్రవర్మ అనే రాజు ఇక్కడ శివుణ్ణి ప్రతిష్ఠించాడు కాబట్టి ఆ స్వామి భద్రేశ్వరుడు. "చాళుక్య భీముడి పేరున మా సామర్లకోట భీమేశ్వరుడు లేడూ, అలాగే!" అంది అత్తయ్య, ఏదో చుట్టరికం కలిసినట్టు. 1969లో అమెరికా బాంబులకి అన్నిటికన్నా పెద్ద గోపురం కూలిపోయింది. బాంబులు పడ్డ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, గడ్డి మొలిచింది. మన పురావస్తు శాఖ వాళ్లు కొన్ని గుళ్లకి మరమ్మతులు చేస్తుంటే 2020లో తొమ్మిదో శతాబ్దం నాటి శివలింగం బయటపడింది. ఆవిడ మాత్రం ఎండలో ఉన్న ఒక పానవట్టం దగ్గర ఆగి, నీళ్లు జారే మూతి మీద వేలు పెట్టి తడిమింది. ఎండిన ఆకొకటి అడ్డంగా ఉంటే తీసేసింది. బాటిల్లో ఉన్న నీళ్లు పోస్తుందేమోనని భయపడ్డాను, పోయలేదు.

ఆ రాత్రే చతుర్దశి. నది ఒడ్డున పిల్లలు కాగితం దొన్నెల్లో దీపాలు పెట్టి అమ్ముతున్నారు. ఒకటి కొని అత్తయ్య చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసింది.

"అరటి దొప్ప అయితే ఇంకాస్త దూరం పోయేది" అంటూనే వంగి నీళ్లలో వదిలింది.

రెండు బారలు పోయాక అది పక్క పడవకి తగిలి ఆగిపోయింది. పడవ నడిపే మనిషి తెడ్డుతో మెల్లగా దాన్ని అవతలికి నెట్టాడు.