ఆగస్టు గుడ్లు, ఆరు డబ్బాలు

ఆగస్టు 11: ఒహాయోలో మా పెరట్లో, మోనార్క్ పురుగులు తినే మిల్క్‌వీడ్ మొక్క లేతాకుల అడుగున ఆరు మోనార్క్ సీతాకోకచిలుక గుడ్లు దొరికాయి. మీగడ రంగు, గుండుసూది తలంత. పోయినేడు ఒకే వలపెట్టెలో పాతిక పురుగుల్ని పెంచాను. ఒకదానికి తగిలిన జబ్బు అన్నిటికీ పాకి, సగానికి పైగా పోయాయి. అందుకే ఈసారి ఒక్కోదానికి విడి డబ్బా. అడుగున తడి కాగితం, రోజూ తాజా ఆకు, రోజూ పెంటికలు తీసెయ్యడం. డబ్బాలు బయట వరండాలోనే, నేరుగా ఎండ పడని చోట ఉంచాను. మోనార్క్‌లు చలికాలానికి దక్షిణాన మెక్సికోకు వలసపోతాయి; గదుల్లో పెంచినవి ఆ దక్షిణ దిశ పట్టలేక తడబడ్డాయని 2019లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. పగలు కురచవడం, రాత్రి చలి వాటికి తెలియాలి కదా.

ఆగస్టు 15: ఐదు గుడ్లు పగిలాయి. ఆరోది ముడుచుకుపోయింది.

ఆగస్టు 24: కుబుసం విడిచే ముందు పురుగు కదలదు, తినదు. చచ్చిపోయిందని పొరబడి పారెయ్యకండి, వేలితో కదపకండి. ఆకు మార్చాలంటే, పురుగు ఉన్న ముక్క వరకు కత్తిరించి కొత్త ఆకు మీద పెడితే చాలు.

ఆగస్టు 29: ఐదూ మూతకు తలకిందులుగా వేలాడి ప్యూపాలయ్యాయి. లేత ఆకుపచ్చ మీద బంగారు చుక్కలు. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

సెప్టెంబరు 10: ప్యూపా పారదర్శకమై రెక్కల నారింజ రంగు కనబడితే, విచ్చుకోబోతోందన్నమాట. నాలుగు బయటికొచ్చాయి. వెనక రెక్క మీద నల్ల చుక్క ఉన్నవి మగవి: మూడు. రెక్కలు ఆరేదాకా గంటల తరబడి ముట్టుకోలేదు. తర్వాత పొట్టకు పారదర్శక టేపు అద్ది మైక్రోస్కోపు కింద చూశాను. పొలుసుల మధ్య ఓఈ అనే, మోనార్క్‌లకు జబ్బు చేసే పరాన్నజీవి బీజాలు కనబడలేదు. కనబడి ఉంటే వదిలేవాణ్ణి కాదు.

సెప్టెంబరు 11: ఎక్కడిదాకా వెళ్లాయో తెలుసుకోడానికి, కాన్సాస్ విశ్వవిద్యాలయంలోని మోనార్క్ వాచ్ వాళ్ల నంబరు చీటీలు అంటించాను. రెక్కలు మూసి పట్టుకుని, వెనక రెక్క అడుగువైపు, చేతితొడుగు ఆకారంలో ఉండే గడి మీద మెల్లగా నొక్కాలి. 1976 జనవరిలో, మోనార్క్ వలసను పరిశోధించిన కెనడా శాస్త్రవేత్త ఫ్రెడ్ ఉర్కార్ట్‌కు మెక్సికో కొండ మీద దొరికిన మోనార్క్ రెక్కకూ ఇలాంటి చీటీయే ఉంది. అది మినెసోటాలో అంటించింది!

ఈ తరం ఇప్పట్లో గుడ్లు పెట్టదు. ఎనిమిది నెలల దాకా బతుకుతుంది. ఒహాయో నుంచి మెక్సికోలోని మిచోఆకాన్ ఫిర్ చెట్ల అడవులకు దాదాపు 3,000 కిలోమీటర్లు. మార్చిలో టెక్సాస్ వైపు తిరిగొచ్చి గుడ్లు పెట్టేది కూడా ఇవే.

ఎండ వచ్చాక నాలుగింటినీ వదిలాను. నంబర్లు నోటుబుక్కులో ఉన్నాయి. ఐదో ప్యూపా నల్లబడుతోంది, రేపు తెల్లారగానే చూడాలి.