టవర్ మీది రేడియోలో సాఫ్ట్‌వేర్‌కు లొంగనివి

హన్మకొండ నుంచి ములుగు పోయే రోడ్డు వెంట టవర్ల మీద యాంటెన్నాల వెనక సూట్‌కేసంత పెట్టెలు కనిపిస్తాయి. అవే ఆర్‌ఆర్‌యూలు (రిమోట్ రేడియో యూనిట్లు), యాంటెన్నా ద్వారా సిగ్నల్ పంపి, అందుకునే రేడియోలు. 2జీ, 4జీ రెండింటినీ ఒకే పెట్టె నడపగలదు కాబట్టి, "సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ కొడితే సరిపోద్ది" అనే మాట సైట్ల మీద తరచూ వినపడుతుంది. అందులో సగమే నిజం. వరంగల్ కాలేజీల నుంచి ఈ పనిలోకి వచ్చే పిల్లలకు మిగతా సగమే ఎక్కువ అక్కరకొస్తుంది.

పాత జీఎస్‌ఎం (2జీ) బేస్ స్టేషన్‌లో 200 కిలోహెర్ట్జ్ క్యారియర్ (సిగ్నల్ మోసే ఫ్రీక్వెన్సీ ముక్క) ఒక్కోదానికి ఒక ట్రాన్స్‌సీవర్ కార్డు. క్యారియర్ పెంచాలంటే కార్డు పెంచాల్సిందే. 1990ల మొదట్లో జోసెఫ్ మిటోలా ముందుకు తెచ్చిన సాఫ్ట్‌వేర్ రేడియో (రేడియో పనిని సాఫ్ట్‌వేర్ లెక్కలతో చేయడం) ఆలోచన టెలికాం మార్కెట్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2004లో వాను కంపెనీ జీఎస్‌ఎం బేస్ స్టేషన్‌కు అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆమోదం దొరికింది. 2008లో వేర్వేరు తరాల నెట్‌వర్క్‌లను ఒకే పరికరంతో నడిపే హువావే సింగిల్‌రాన్ వచ్చింది. సిగ్నల్‌ను అంకెలుగా, అంకెలను సిగ్నల్‌గా మార్చే ఏడీసీ, డీఏసీల వేగం పెరిగాక బ్యాండ్‌లోని పెద్ద ముక్కను ఒకేసారి అంకెలుగా మార్చి, ఏ క్యారియర్ 2జీయో ఏది 4జీయో లెక్కల్లోనే విడదీయడం కుదిరింది. అయితే ఇప్పుడు అన్ని క్యారియర్లూ ఒకే యాంప్లిఫయర్ గుండా పోవాలి. చిక్కులు అక్కడే మొదలు.

ముందు పవర్ సంగతి. పోర్టుకు (కేబుల్ తగిలించే చోటుకు) 40 వాట్లంటే 46 డీబీఎం; ఈ కొలతలో 3 తగ్గితే పవర్ సగమైనట్టు. 10 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈలో (అంటే 4జీలో) 600 సబ్‌క్యారియర్లు, ఒక్కోదానికి 18.2 డీబీఎం వస్తుంది. అదే పోర్టు మీద 20 వాట్లతో ఒక 2జీ క్యారియర్ పెడితే ఎల్‌టీఈకి మిగిలేది 20 వాట్లు, అంటే 15.2. మూడు డీబీ పోయినట్టే. అలారం ఏదీ రాదు, ఊరి చివరి ఇళ్లలో మాత్రం సిగ్నల్ తగ్గిపోతుంది. అందుకే క్యారియర్ కలిపే ముందు పవర్ లెక్క కాగితం మీద వేసుకోవాలి.

రెండోది పిమ్ (పాసివ్ ఇంటర్‌మాడ్యులేషన్), అంటే జాయింట్ల లాంటి చోట్ల సిగ్నళ్లు కలిసి అక్కర్లేని కొత్త సిగ్నల్ పుట్టడం. అసలు తలనొప్పి ఇదే. ఒక ఆపరేటర్‌కు 927, 958 మెగాహెర్ట్జ్‌ల దగ్గర క్యారియర్లు ఉన్నాయనుకోండి. జంపర్ (పెట్టెను యాంటెన్నాకు కలిపే పొట్టి కేబుల్) జాయింట్ వదులైనా, తుప్పు పట్టినా రెండూ కలిసి 2×927−958, అంటే 896 దగ్గర కొత్త సిగ్నల్ పుట్టిస్తాయి. 880–915 ఫోన్ల నుంచి టవర్‌కు సిగ్నల్ వచ్చే అప్‌లింక్. యాంప్లిఫయర్ వంకరను డిజిటల్ ప్రీడిస్టార్షన్ (సిగ్నల్‌ను ముందే ఎదురు వంకర తిప్పే లెక్క) సరిచేస్తుంది గానీ, యాంప్లిఫయర్ తరవాత ఉన్న జాయింట్‌ను అది ముట్టలేదు. సాయంత్రం ట్రాఫిక్ పెరిగినప్పుడే అప్‌లింక్ నాయిస్ పెరుగుతోందంటే పిమ్‌నే ముందు అనుమానించాలి. రాత్రి డౌన్‌లింక్‌లో (టవర్ నుంచి ఫోన్లకు పోయే దారిలో) ఉత్తుత్తి ట్రాఫిక్ పెట్టి, నాయిస్ చూస్తూ జంపర్లను ఒక్కొక్కటిగా మెల్లగా తట్టండి. అంకె ఎగిరిన చోట జాయింట్ విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టార్క్ రెంచ్‌తోనే బిగించండి: 7/16 కనెక్టర్‌కు 25–30 న్యూటన్ మీటర్లు, 4.3-10కి 5. పైన మాస్టిక్ (నీళ్లు దూరకుండా చుట్టే మెత్తని జిగురు పట్టీ), దాని మీద టేపు చుట్టకపోతే వానాకాలం దాటేసరికి లోపల నీళ్లుంటాయి. బిల్డింగుల మీది సైట్లలో జాయింట్లన్నీ బాగున్నా నాయిస్ తగ్గకపోతే, యాంటెన్నా ముందు తుప్పు పట్టిన రేకుల షెడ్ ఉందేమో చూడండి.

ఇక డ్యూప్లెక్సర్. అది పంపే, అందుకునే సిగ్నళ్లను విడదీసే, లోహంతో చేసిన ఫిల్టర్, ఫ్యాక్టరీలోనే ఒక బ్యాండ్‌కు ట్యూన్ అయి వస్తుంది. 1800 మెగాహెర్ట్జ్ పెట్టెలో ఎంత కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినా 700 పలకదు. బ్యాండ్ మారితే పెట్టె మార్చాల్సిందే. పాత యాంటెన్నా ఆ బ్యాండ్‌కు పనికొస్తుందో లేదో కూడా ఆర్డర్ పెట్టకముందే చూసుకోవాలి.