మస్కట్ పిన్నికి వినపడని కిక్

పోయిన డిసెంబర్‌లో క్రిస్మస్ పాటల ప్రోగ్రాం అయిపోగానే మస్కట్ నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "ఏటిరా, డ్రమ్స్ ముందు ఊరికే కూర్చున్నావా? తాళాల చప్పుడు తప్ప ఏటీ వినపడలేదు!" రెండు గంటలు పిక్కలు పట్టేసేలా కిక్ పెడల్ తొక్కాను నేను, కాలితో మోగించే పెద్ద బేస్ డ్రమ్‌ది. లైవ్‌లో ఫోన్ పట్టుకుని చూసిన పిన్ని మాట అది. హాల్లో ముందు వరుస ఆంటీలదేమో సరిగ్గా ఎదురు ఫిర్యాదు: దబదబమని గుండెల మీద కొడుతున్నావు, పాట మాటలే తెలియట్లేదని.

వైజాగ్ మల్కాపురంలో మేం వాయించే హాలు కింద టైల్స్, పైన రేకులు. గుమ్మనే మోత మూలల్లో చేరి ఓ పట్టాన పోదు. ముందు బేస్ డ్రమ్ స్కిన్ మార్చాను. తర్వాత లోపల దుప్పటి కుక్కాను. సౌండ్ చూసే కుర్రాడితో గొడవ కూడా పెట్టుకున్నాను, పాపం. పెడల్ తొక్కితే వెళ్లి స్కిన్‌ని కొట్టే సుత్తిలాంటిది, బీటర్, పెడల్‌తో వచ్చిన ఆ మెత్తటి ఫెల్ట్‌ది, దాని వైపు మాత్రం చూడలేదు.

ఫెల్ట్ అంటే ఉన్నిని నొక్కి గట్టిపరిచిన ముద్ద. స్కిన్‌కి తగిలాక రవ్వంతసేపు ఎక్కువ ఆనుకుని ఉంటుంది. ఆ రవ్వంతలోనే 'టక్' అణిగిపోయి 'గుమ్' మిగులుతుంది. చెక్క, ప్లాస్టిక్ తగిలీ తగలగానే వెనక్కొచ్చేస్తాయి, అందుకని 'టక్' బతుకుతుంది. గుమ్ ఉండేది సుమారు 60 నుంచి 100 హెర్ట్జ్‌లో. ఫోన్ స్పీకర్‌కి అంత కింది స్వరం పలకదు. టక్ ఉండేది 2,000 నుంచి 4,000 మధ్య. అది ఎంత బుల్లి స్పీకర్‌లోనైనా పలుకుతుంది. పిన్ని ఉన్నమాటే చెప్పింది. డప్పు కొట్టేవాళ్లు ఒక చేత్తో లావు చిర్ర, ఇంకో చేత్తో సన్నటి సిటికెన పుల్ల ఎందుకు పట్టుకుంటారో అప్పుడు బుర్రకెక్కింది నాకు.

నాలుగు వైపులున్న బీటర్ ఒకటి తెప్పించాను, రెండు వైపులు ఫెల్ట్, రెండు ప్లాస్టిక్. డ్రమ్ దగ్గర కూర్చుని వింటే ఏదీ తేలలేదు, అన్నీ బాగానే అనిపించాయి. అందుకని మా బావమరిదిని పెడల్ మీద కూర్చోబెట్టి నేను ఆఖరి వరుసకి పోయాను. "బావా, తిప్పనా?" అని వాడు అరవడం, నేను చెయ్యి ఊపడం. ప్లాస్టిక్ మొదటి దెబ్బకే వెనక దాకా స్పష్టంగా వచ్చింది. కానీ నాలుగో పాటకి మేకు దిగ్గొడుతున్నట్టు చిరాకు పుట్టింది.

పైగా చదునైన ప్లాస్టిక్ మొహం స్కిన్‌కి సమంగా ఆనాలి, ఏటవాలుగా తగిలితే అంచు దిగుతుంది. వారం తిరక్కుండా కొత్త స్కిన్ మీద నెలవంకలాంటి గాటు పెట్టాను. ఇంకో అలవాటు కూడా బయటపడింది. దెబ్బ కొట్టాక బీటర్‌ని స్కిన్‌కే అదిమి ఉంచుతాను నేను. ఫెల్ట్‌తో అది తెలిసేది కాదు. ప్లాస్టిక్‌తో 'టర్ర్' మని వణుకు వినిపించింది. కాలు వదలడం ఇప్పుడు, ఈ వయసులో, నేర్చుకుంటున్నాను.

చివరికి హాల్లో ఫెల్ట్ వైపే ఉంచి, అది తగిలేచోట స్కిన్ మీద పల్చటి గట్టి ప్యాచ్ అంటించాను. గుమ్ తగ్గలేదు, దానికి ముక్కులా కాస్త 'టక్' వచ్చింది. రాత్రిళ్లు వ్యాను మీద వీధుల్లో తిరిగి పాడేటప్పుడు మాత్రం ప్లాస్టిక్కే. ఆరుబయట గోడలుండవు, గుమ్ గాల్లో కలిసిపోతుంది.

ఈస్టర్‌కి పిన్ని మళ్లీ ఫోన్ చేసింది. డ్రమ్ బాగానే వినపడిందట. మధ్యమధ్యలో ఎవరో తలుపు తీసి వేస్తున్నారేటి అని అడిగింది. పెడల్ స్ప్రింగ్ అది. మా ఉప్పుగాలికి తుప్పు పట్టి కిర్రుమంటోంది.