స్విఫ్ట్‌కి అల్లాయ్‌లు, 5 మిల్లీమీటర్ల స్పేసర్, 80 దాటితే వణుకు

మాది పాత స్విఫ్ట్ డీజిల్, వీడీఐ. కంపెనీ నుంచి 14 అంగుళాల స్టీల్ రిమ్ములతో, 165/80 టైర్లతో వచ్చింది. అంత బండికి ఆ సన్న టైర్లేంటని నాకు మొదటి నుంచీ అసంతృప్తే. టైర్లు ఎలాగూ అరిగిపోయాయి, ఖర్చు తప్పదు. అదేదో 15 అంగుళాల అల్లాయ్‌లతో కలిపి పెట్టేద్దామనుకున్నాను. తిరుపతి వాళ్లకు కారు సామాన్లంటే చెన్నై జీపీ రోడ్డు ఉండనే ఉంది. నాకు నచ్చిన డిజైన్ అక్కడే దొరికింది.

కొనేముందు చూడాల్సిన నంబర్లు రిమ్ము వెనకవైపు పోతపోసి ఉంటాయి. నా అల్లాయ్ మీద 15 x 6.5 జె, పీసీడీ 4 x 100, ఈటీ 45 అని ఉంది. 6.5 జె అంటే రిమ్ము వెడల్పు, అంగుళాల్లో. ఈటీ అంటే ఆఫ్‌సెట్, రిమ్ము వెడల్పు నడిమధ్య నుంచి హబ్‌కి (బండివైపు చక్రం బిగించే భాగానికి) ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో చెప్పే లెక్క. పీసీడీ అంటే నాలుగు బోల్టుల మీదుగా పోయే వృత్తం అడ్డకొలత. అది 100 మిల్లీమీటర్లు కాబట్టి స్విఫ్ట్‌కి సరిపోతుంది. టైరు 195/60 తీసుకున్నాను. పాత టైరు మొత్తం ఎత్తు 620 మిల్లీమీటర్ల దాకా, కొత్తది 615. ఒక్క శాతం కూడా తేడా లేదు, స్పీడోమీటర్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. లోడ్ ఇండెక్స్ కూడా 85 నుంచి 88కి పెరిగింది, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది.

చిక్కంతా వెడల్పుతో వచ్చింది. పాత రిమ్ము 5 జె. కొత్తది అంగుళంన్నర ఎక్కువ. ఆఫ్‌సెట్ మారకుండా వెడల్పు మాత్రమే పెరిగితే ఆ 38 మిల్లీమీటర్లలో సగం బయటికి, సగం లోపలికి పోతుంది. లోపలివైపు 19 మిల్లీమీటర్లు జరిగేసరికి ముందు చక్రం టైరుకీ షాక్ అబ్జార్బర్ గొట్టానికీ మధ్య చిటికెన వేలు కూడా దూరలేదు. వెనక ఏ ఇబ్బందీ లేదు. ఊళ్లో టైర్లు ఎక్కించిన షాపు కుర్రాడు అది చూసి లోపలికెళ్లి రెండు అల్యూమినియం బిళ్లలు పట్టుకొచ్చాడు. 5 మిల్లీమీటర్ల స్పేసర్లు. ఏ కారుకైనా సరిపోయేలా బెజ్జాలను పొడుగ్గా కోసిన రకం.

"ఇవి వేస్తే సరిపోతుందా?" అన్నాను.

"ఏం కాదన్నా, ఊర్లో అందురూ ఇవే ఏపిచ్చుకుంటా ఉండారు."

స్పేసర్ వేస్తే ఈటీ 45 కాస్తా 40 అవుతుంది. చక్రం 5 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, షాక్ అబ్జార్బర్ దగ్గర గాలి ఆడుతుంది. అంతవరకు అతని లెక్క కరెక్టే. నట్లు బిగించే గాలి గన్నుతో టకటకా బిగించి పంపేశాడు. ఇంటికెళ్తే అమ్మ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి హారతిచ్చింది. కొత్త చక్రాలంటే ఆమె లెక్కలో కొత్త బండే.

ఆ వారంలోనే కాణిపాకం వెళ్లాం. చంద్రగిరి దాటాక రోడ్డు ఖాళీగా ఉంది, 80 దాటించాను. స్టీరింగ్ వణకడం మొదలైంది. 70కి దిగితే తగ్గుతుంది, 90లో చేతులకు జివ్వున తెలుస్తుంది. బ్రేక్ వేసినా వేయకపోయినా ఒకటే వణుకు, కాబట్టి డిస్క్ కాదు. మా నాన్న వెనక సీట్లోంచి "పాత టైర్లే నయం కదరా" అని ఒక మాట వేశారు.

షాపుకి తిరిగెళితే చక్రాలు విప్పి బ్యాలెన్సింగ్ మిషన్ మీద పెట్టారు. రెండువైపులా సున్నా. "చూడన్నా, మిషన్‌లో జీరో చూపిస్తా ఉంది. నీ బండిలోనే ఏదో ఉంది, సస్పెన్షన్ చూపిచ్చుకో" అన్నాడు. చక్రాల ముందు సస్పెన్షన్ బాగానే ఉందని నేను, చక్రాల్లో ఏమీ లేదని అతను. వాదన తేలలేదు.

తేల్చింది కొర్లగుంట వైపు మారుతీ బండ్లు మాత్రమే చూసే ఒక పెద్ద మేస్త్రి. చక్రం ఊడదీసి హబ్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న గుండ్రటి అంచు మీద వేలు పెట్టి తిప్పాడు. "నాయనా, చక్రం కూర్చోవాల్సింది దీని మీద. నీది ఏడ కూర్చుంది?" అన్నాడు. స్విఫ్ట్ హబ్ అంచు 54.1 మిల్లీమీటర్లు. కంపెనీ రిమ్ము మధ్య బెజ్జం సరిగ్గా అంతే ఉంటుంది, చేతితో నెడితే టక్కున కూర్చుంటుంది. నా అల్లాయ్ బెజ్జం 73.1. అన్ని కార్లకూ అమ్ముకోవాలి గనక పెద్దదిగా చేస్తారు. ఆ ఖాళీని నింపడానికి హబ్ రింగ్ అని ఒకటి వేయాలి. నాకు వేయలేదు. వేసినా నిలిచేది కాదు, ఎందుకంటే అంచులో చాలా భాగాన్ని స్పేసరే మింగేసింది. ఇక చక్రానికి ఆధారం నాలుగు నట్లే. కోన్ నట్టు చక్రాన్ని కొంతవరకు మధ్యకు లాగుతుంది, కాదనను. జాకీ మీద ఉండగా ఎదురెదురుగా చేత్తో నిదానంగా బిగిస్తే సరిగ్గానే కూర్చోవచ్చు. గన్నుతో ఒక పక్క ముందు లాగేస్తే వెంట్రుకవాసి పక్కకు జరిగి అక్కడే బిగుసుకుపోతుంది.

మరి మిషన్‌లో సున్నా ఎందుకొచ్చింది? మిషన్ చక్రాన్ని మధ్య బెజ్జంలో కోన్ పెట్టి పట్టుకుంటుంది. అక్కడ చక్రం కచ్చితంగా నడిమధ్యలో తిరుగుతుంది. బండి మీద అదే చక్రం నట్ల మీద వేలాడుతూ ఓరగా తిరుగుతుంది. ఇంకెన్ని బరువులు అంటించినా ఆ వణుకు పోదు. ఆ షాపులో అన్ని మిషన్లు ఉన్నాయి, ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు లేరు.

నాకు నిజంగా భయమేసింది మాత్రం వణుకుకి కాదు, మేస్త్రి తర్వాత చూపించినదానికి. నట్టును వేళ్లతో తిప్పుతూ "లెక్కపెట్టు" అన్నాడు. ఏడు చుట్లకే బిగుసుకుంది. స్విఫ్ట్ స్టడ్ (హబ్ నుంచి బయటికి పొడుచుకొచ్చి, నట్టు ఎక్కే బోల్టు) ఎం12, అంటే 12 మిల్లీమీటర్ల లావు, మర పిచ్ 1.25. అంటే ఒక్కో చుట్టుకు నట్టు 1.25 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తుంది. మర పట్టు కనీసం స్టడ్ లావంత ఉండాలన్నది పద్ధతి. 12 మిల్లీమీటర్లు కావాలంటే దాదాపు పది చుట్లు తిరగాలి. నాకు పట్టింది తొమ్మిది మిల్లీమీటర్ల లోపే. ఆ పట్టుతో కుటుంబాన్ని ఎక్కించుకుని కాణిపాకం పోయొచ్చాం.

దారులు మూడు. స్పేసర్ తీసేయడం, అంటే అల్లాయ్‌లు అమ్ముకోవడం. లేదా హబ్‌కి విడిగా బిగించి, దాని సొంత స్టడ్ల మీద చక్రం ఎక్కే మందపాటి స్పేసర్. అందులో పట్టు గొడవ లేదు గానీ 20 మిల్లీమీటర్లు బయటికొస్తే టైరు ఫెండర్ దాటుతుంది, బేరింగ్ మీద బరువు పెరుగుతుంది. మూడోది హబ్ సెంట్రిక్ స్పేసర్. లోపల 54.1కి బిగుతుగా కూర్చుని, బయటికి 73.1 అంచుతో వచ్చే రకం, అదే 5 మిల్లీమీటర్లు. దాంతోపాటు పొడుగు స్టడ్లు. నేను మూడోదానికి ఒప్పుకున్నాను. స్పేసర్లు ఆన్‌లైన్లో తెప్పించాను. లేత్‌లో చేయిద్దామంటే మేస్త్రే వద్దన్నాడు, ఏ అల్యూమినియం ముక్క వాడతారో ఎవరికీ తెలియదట.

పాత స్టడ్లు ప్రెస్ మీద పెట్టి తోసేసి కొత్తవి దించారు. అంతకన్నా ఎక్కువ సమయం తుప్పుకి పట్టింది. హబ్ ముఖం మీద ఎర్రగా పొర కట్టి ఉంది. వైర్ బ్రష్‌తో రుద్దుతుంటే పసుపు కుంకుమ కలిపినట్టు పొడి రాలింది. గోరంత తుప్పు పెచ్చు మధ్యలో ఉండిపోయినా స్పేసర్ సమంగా కూర్చోదని మెరుపు వచ్చేదాకా వదల్లేదు. తర్వాత స్పేసర్ నెడితే టక్కుమంది, దాని మీద అల్లాయ్ నెడితే మళ్లీ టక్కు. నట్లు వేయకముందే చక్రం తనంతట తాను నిలబడింది. నట్లు చేత్తో పది చుట్లు దాటాయి. చివర టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో కొలిచే పానా), మాన్యువల్లో ఉన్న అంకెకు, ఎదురెదురుగా. మొదటి వంద కిలోమీటర్ల లోపల మళ్లీ బిగించి చూసుకోమన్నాడు. చూస్తే ఒక నట్టు కొద్దిగా తిరిగింది.

హైవే మీద వణుకు పోయింది. అసలు పరీక్ష కొండ మీద. ఇంట్లో అందరినీ ఎక్కించుకుని అలిపిరి నుంచి రెండో ఘాట్‌లో ఎక్కి, 1944 నాటి మొదటి ఘాట్‌లో దిగాం. దిగడానికి 40 నిమిషాల కన్నా తక్కువ తీసుకోకూడదన్న నిబంధన ఉంది కాబట్టి రెండో గేర్లోనే నింపాదిగా దిగుతాం. ఏ చిన్న చప్పుడైనా వినపడుతుంది. నిండు బరువుతో మలుపుల్లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఎడమవైపు లోపలి ప్లాస్టిక్‌కి టైరు సర్రున రాసుకుంది. కిందికొచ్చాక ఆ లైనింగ్ క్లిప్ సర్ది వెనక్కి నొక్కించాను, పోయింది. గతుకుల్లో స్టీరింగ్ మునుపటికన్నా కాస్త పక్కకు లాగుతుంది. అది స్పేసర్ ఉన్నన్నాళ్లూ భరించాల్సిందే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్పులు చేయకూడదు. ఇదే స్విఫ్ట్ పై వేరియంట్లకు 185/65 ఆర్ 15 కంపెనీయే ఇచ్చింది. 195 టైరు, స్పేసర్ మాత్రం ఆ లెక్కలోకి రావు. నిక్కచ్చిగా ఉండాలంటే 15 అంగుళాల్లోనే తక్కువ వెడల్పు రిమ్ము వెతుక్కుంటే స్పేసర్ అవసరమే రాదు. ఇన్సూరెన్స్ ఏజెంటుకి చెప్పి అల్లాయ్‌లను యాక్సెసరీగా రాయించాను. స్పేసర్ అంటే ఏంటని ఆయన నన్నే అడిగాడు.

ఇంకోటి, స్టెప్నీ. డిక్కీలో ఉన్నది పాత 14 అంగుళాల స్టీల్ చక్రం. ఎత్తు దాదాపు సమానం కాబట్టి పంక్చరైతే షాపుదాకా పోవచ్చు. కానీ స్టీల్ రిమ్ము పలచన, స్టడ్లు ఇప్పుడు పొడుగు. మూత ఉన్న నట్టు వేస్తే స్టడ్ చివర దాని లోపల తగిలి ఆగిపోతుంది. చేతికి బిగుసుకున్నట్టే ఉంటుంది, చక్రం మాత్రం ఆడుతూనే ఉంటుంది. ఇంటి ముందు ఒకసారి ఎక్కించి చూసుకుంటే గానీ ఇది తెలియలేదు. చివర తెరిచి ఉన్న కోన్ నట్లు నాలుగు కొని, 19 నంబర్ పానాతో పాటు ఒక సంచిలో వేసి జాకీ పక్కన పెట్టాను.