బొమ్మలకు గోడ ఇచ్చిన ఇళ్లు

హైదరాబాద్ వస్తే సాలార్‌జంగ్ మ్యూజియం చూసి పోవడం మా కరీంనగర్ వాళ్లకు అలవాటు. ఈసారి నేను అటు పోలేదు. కొత్త తరహా బొమ్మలు వేసినవాళ్లకు ఈ ఊళ్లో మొదట్లో ఎవరు చోటిచ్చారో చూద్దామని బయల్దేరాను. మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పెయింటింగ్ చదివే మా మేనకోడలు తోడు వచ్చింది. జేబీఎస్‌లో (జూబ్లీ బస్‌స్టేషన్) బస్సు దిగి, అక్కడే మెట్రో ఎక్కి నారాయణగూడలో దిగాం.

నారాయణగూడే ఎందుకంటే చిత్రకారుడు పాకాల తిరుమల రెడ్డి, అంటే పి.టి.రెడ్డి గారి 'సుధర్మ' అక్కడుంది. ఆయన ఇల్లే ఆయన గ్యాలరీ. 1915లో మా జిల్లాలోని అన్నవరంలో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని, 1941లో మరికొందరు కుర్రవాళ్లతో కలిసి 'బాంబే కాంటెంపరరీ ఇండియా ఆర్టిస్ట్స్' అనే గ్రూపు కట్టారు. 'యంగ్ టర్క్స్' అని పేరు పడింది వాళ్లకు. మన ఆధునిక చిత్రకళ గురించి ఎవరు మాట్లాడినా 1947లో బొంబాయిలో వచ్చిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు దగ్గరే మొదలుపెడతారు, అంతకు ఆరేళ్ల ముందే ఈ పని చేసిన మనిషి మా జిల్లావాడని మా బళ్లో ఒక్క సారూ చెప్పలేదు, నాకు ఇప్పటికీ అది కష్టంగానే ఉంటుంది.

ముందే ఫోన్ చేసి అడిగి వెళ్లాం. ఆయన తాంత్రిక చిత్రాల ముందు చాలాసేపు నిలబడిపోయాను. త్రికోణాలు, వలయాలు, తామరరేకులు, మెలిక తిరిగిన పాములు. "మామా, ఇవి గుళ్లో యంత్రాల్లెక్కనే ఉన్నయి, కానీ దండం పెట్టబుద్ధి కాదు, చూడబుద్ధి అయితది" అంది మేనకోడలు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

అక్కడి నుంచి దోమలగూడ దగ్గరే. శాంతినికేతన్‌లో చదువుకుని 1950ల మొదట్లో ఈ ఊరొచ్చి స్థిరపడిన జగదీశ్ మిట్టల్, కమలా మిట్టల్ దంపతులు తామే ఏరి కూర్చుకున్న కళాఖండాలతో 1976లో పెట్టిన మ్యూజియం గగన్‌మహల్ రోడ్డులో ఉంది. అవి పాత దక్కనీ చిత్రాలు, జానపద కళ, నేను వెతికే సరుకు కాదు. కానీ ఈ మిట్టల్ గారే 'కల్పన' పత్రికకు కళా విభాగం చూసేవారు. 1949లో బద్రీవిశాల్ పిట్టీ హైదరాబాద్ నుంచి మొదలుపెట్టిన హిందీ పత్రిక అది. ఎం.ఎఫ్.హుస్సేన్ దానికి బొమ్మలు వేశారు. తర్వాత సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా సలహా మీద హుస్సేన్ రామాయణం బొమ్మలు మొదలుపెడితే, ఏళ్ల తరబడి ఆ పనికి అండగా నిలబడింది పిట్టీ గారే. ఆ కాన్వాసులను ఎడ్లబండ్ల మీద పల్లెలకు తీసుకెళ్లి జనానికి చూపించామని హుస్సేన్ చెప్పేవారు. ఎడ్లబండి మీద ఆధునిక చిత్రాల ప్రదర్శన! ఇంతకు మించిన గ్యాలరీ ఏముంటుంది చెప్పండి.

సాయంత్రం బంజారాహిల్స్‌లో ఒక గ్యాలరీలో చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్, అంటే లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చువేసిన బొమ్మ, ఒకటి దొరికింది. మేక, పక్కన ఒక ఆడమనిషి, వెనక చెట్టు. మేనకోడలు నన్ను దగ్గరికి లాగి కాగితం అంచు చూపించింది. బొమ్మ చుట్టూ రేకు దిగబడిన గుర్తు, నాలుగువైపులా సన్నటి పల్లంలా ఉంది. రేకు మీద మైనం పూసి, సూదితో గీకి, యాసిడ్‌లో వేస్తే గీకినచోట తినేస్తుందట. ఆ గీతల్లోకి ఇంకు కూరి, పైపైది తుడిచేసి, తడి కాగితం వేసి ప్రెస్సులో తిప్పితే బొమ్మ కుడిఎడమై దిగుతుంది. మేక మెడ మీద వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి.

చివరికి బంజారాహిల్స్‌లోనే లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో చాయ్, సమోసా. అదీ ఒకప్పుడు ఇల్లే, 2010లో అందరికీ తెరిచారు. అక్కడ కూర్చున్నప్పుడే మేనకోడలు అడిగింది: "మామా, కరీంనగర్‌ల మన ముందటి అర్ర ఖాళీగనే ఉన్నది గదా? మా క్లాసోళ్ల బొమ్మలు ఒక వారం పెట్టుకుంటం."

సరే అన్నాను. దసరా సెలవులకు అనుకున్నాం. ముందు ఆ గోడలకు సున్నం వేయించాలి.