రాని చేపల లెక్క

కొల్లేటి పక్క ఊళ్లో పెరిగిన నాకు, తల్లి చేపను ఎంచడమంటే పట్టుబడి రోజున కాటా మీద ఎక్కువ తూగినదాన్ని పక్కన పెట్టడమేనని చాలాకాలం అనిపించేది. సాల్మన్‌ను సముద్రంలోకి వదిలి పెంచే సీ రాంచింగ్ కోసం ఐస్‌లాండ్ వాళ్లు మేలుజాతిని తయారుచేయబోయిన తీరు తెలిశాక, ఆ కాటా ఎంత సులువైన పనిముట్టో అర్థమైంది.

సముద్రంలో ఇలసగా ఉండి గోదావరిలో ఎదురీదాక పులస అయ్యే మన చేపలాగే సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి ఏటికి చేరుతుంది. పైగా తాను పెరిగిన నీటి వాసనను గుర్తుపట్టి అక్కడికే వస్తుంది. సీ రాంచింగ్ అంతా ఆ వాసన మీద పెట్టిన నమ్మకమే. హేచరీలో పెంచి, ఉప్పునీటికి సిద్ధమై వెండిరంగు తిరిగిన పిల్లలను, అంటే స్మోల్ట్‌లను, వేసవి మొదట్లో వదిలేస్తారు. అక్కడినుంచి మేత ఖర్చు సముద్రానిదే. ఏడాది గడిచాక, బతికినవి రెండు మూడు కిలోల చేపలై వదిలిన చోటికే వస్తాయి. దారిలో వేరేవాళ్ల వలలో పడితే పెట్టుబడి పోయినట్టే. అయితే ఐస్‌లాండ్ తన తీరంలో సాల్మన్ కోసం వలలు వేయడాన్ని 1932లోనే నిషేధించింది కాబట్టి, ఆ బెడద అక్కడ తక్కువ. రేక్యవిక్ దగ్గరి కొల్లాఫ్యోర్దుర్‌లో 1961లో మొదలైన ప్రభుత్వ ప్రయోగ కేంద్రం ఈ పనికి పునాది వేసింది.

1980ల చివర అక్కడ మొదలైన ఎంపికలో అసలు చిక్కు బయటపడింది. ఒక తల్లీ తండ్రీ సంతానాన్ని ఒక్కో కుటుంబంగా వేర్వేరు తొట్లలో పెంచి, గుర్తు పెట్టేంత పెద్దవయ్యాక ఒక్కో పిల్ల ముక్కు మృదులాస్థిలోకి మిల్లీమీటరు పొడవైన సన్నని తీగ ముక్కను ఎక్కిస్తారు. కుటుంబమేదో చెప్పే సంకేతం దాని మీదే ఉంటుంది. తీగ బయటికి కనబడదు కనుక, గుర్తుగా వీపు మీద తోక వైపుండే చిన్న కొవ్వు వాజాన్ని కత్తిరిస్తారు. తిరిగివచ్చినవాటిలో ఆ వాజం లేని చేప తల కోసి, తీగను వెతికి తీసి, సూక్ష్మదర్శిని కింద చదవాలి. ఇంతా చేసి చూస్తే, చేతిలో ఉన్నవన్నీ తిరిగివచ్చినవే. ఆ గుణంలో వాటి మధ్య తేడా ఏముంటుంది? తేడా తెలియాలంటే ఏ కుటుంబంలో ఎన్ని వదిలితే ఎన్ని రాలేదో లెక్క కట్టాలి. బరువు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు బాగానే సంక్రమిస్తుంది గాని, తిరిగిరావడమనే గుణంలో వారసత్వం పాలు చాలా తక్కువ. చాలావరకు ఆ ఏడాది సముద్రం ఎలా ఉందన్నదే తేలుస్తుంది.

సాల్మన్‌ను బయటికి వదలకుండా వల పంజరాల్లోనే పెంచేవారికి ఈ బాధ లేదు. నార్వేలో 1970ల మొదట్లో ష్యెర్వోల్డ్, యెడ్రెమ్ అనే శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో దాదాపు 40 నదుల సాల్మన్‌తో మొదలైన ఎంపికలో తరానికి పది శాతానికి పైగా ఎదుగుదల పెరిగింది. ఆ పని చేసిన నార్వే సంస్థ సహకారంతోనే భువనేశ్వర్‌లో 1992లో శీలావతి మీద ఎంపిక మొదలై, 1997లో జయంతి రోహుగా బయటికొచ్చింది. అయితే పంజరానికి మంచిదైన చేప సముద్రానికి మంచిది కాకపోవచ్చు. మేత కోసం జంకు లేకుండా పైకి ఎగబడే చేప పంజరంలో త్వరగా పెరుగుతుంది, బయటైతే కొంగకో కాడ్ చేపకో చిక్కుతుంది. పంజరం రైతు తొందరగా గుడ్లకు వచ్చే చేపను తీసేస్తాడు; సీ రాంచింగ్‌లో ఏడాదికే గుడ్లకు వచ్చి ఇల్లు చేరేదే కావాలి, రెండో ఏడు సముద్రంలో ఉంటే ఇంకొన్ని పోతాయి.

అమెరికాలో లారెన్ డొనాల్డ్‌సన్ అనే చేపల శాస్త్రవేత్త చాలాముందే, 1949 నుంచి, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆవరణలోని చెరువుకే చినూక్ సాల్మన్ తిరిగివచ్చేలా చేసి, వచ్చినవాటిలో పెద్దవీ, తక్కువ వయసులో వచ్చినవీ ఎంచుతూ పోయాడు. ఆ పట్టుదల నాకు ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆరెగాన్‌లోని హుడ్ నదిలో స్టీల్‌హెడ్ చేపల మీద (సాల్మన్‌లాగే సముద్రానికి వెళ్లి ఏటికి తిరిగివచ్చే ట్రౌట్ ఇది) 2007లో ప్రచురించిన పరిశోధనలో, మనిషి పెంపకంలో గడిపిన ఒక్కో తరానికి, సహజ నీటిలో సంతానాన్ని నిలబెట్టుకునే సామర్థ్యం దాదాపు 40 శాతం తగ్గినట్టు తేలింది. అక్కడ ఎవరూ కావాలని ఏ గుణాన్నీ ఎంచలేదు, తొట్టే ఎంచింది.

ఐస్‌లాండ్‌లో సీ రాంచింగ్ వ్యాపారం 1990లు ముగిసేసరికి ఆగిపోయింది. పంజరాల సాల్మన్ వెల్లువతో ధర పడిపోయింది, తిరిగివచ్చే చేపల సంఖ్యేమో ఏటికేడు మారుతూ అప్పులు తీర్చేటంతగా నిలబడలేదు. అలాస్కాలో మాత్రం ఈ పని పెద్ద ఎత్తున సాగుతూనే ఉంది. అక్కడి హేచరీలు మేలుజాతి జోలికే పోవు; ముందొచ్చినవాటినీ, నడుమ వచ్చినవాటినీ, ఆఖర్న వచ్చినవాటినీ పెద్దా చిన్నా చూడకుండా తల్లి చేపలుగా తీసుకుంటాయి.